38 ఏళ్లకు మొదటి చెస్ టోర్నమెంటు: వెళ్లండి, కానీ పిల్లల వేగానికి ఆడకండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఆదోనిలో ఉద్యోగం, వయసు 38, ఆన్‌లైన్ ర్యాపిడ్‌లో రేటింగు 1500 చుట్టుపక్కల. వచ్చే నెల కర్నూలులో శని, ఆదివారాల్లో ఓపెన్ ర్యాపిడ్ టోర్నమెంటు ఉంది. 8 రౌండ్లు, ఒక్కొక్కరికి 25 నిమిషాలు, ఎత్తు వేసిన ప్రతిసారీ 10 సెకన్లు కలిసే ఇంక్రిమెంట్. హాల్లో కూర్చుని ఎప్పుడూ ఆడలేదు. "వచ్చేవాళ్లంతా పిల్లలేనట, పదేళ్ల పిల్లాడి చేతిలో ఓడి నవ్వులపాలవుతానేమో. వెళ్లొచ్చా? వెళ్తే ఈ నెలలో ఏ ఓపెనింగ్ నేర్చుకోవాలి?" అని అడిగారు.

వెళ్లండి. కొత్త ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తుల వరస) ఏదీ నేర్చుకోకండి, ఇప్పుడు ఏది ఆడుతున్నారో అదే ఆడండి. ఈ నెల రోజుల్లో చేయాల్సినవి రెండే. నిజమైన బోర్డు మీద, పక్కన గడియారం పెట్టుకుని ఆడటం ఒకటి. మీకిచ్చిన 25 నిమిషాలను ఖర్చు పెట్టడం నేర్చుకోవడం రెండోది. నన్నడిగితే రెండోదే అసలు సంగతి. మన ఊళ్ల టోర్నమెంట్లలో పెద్దవాళ్లు పిల్లల చేతిలో ఓడుతున్నది చాలాసార్లు ఆట రాక కాదు. ఎదుటివాడు రెండు సెకన్లకు ఒక ఎత్తు వేస్తుంటే, తెలియకుండానే తామూ అదే వేగం అందుకుంటారు. అక్కడ పోతుంది ఆట.

నేను కర్నూలులోనే ఉంటాను. అనంతపురం, కడప, నంద్యాల, ఎక్కడ శని, ఆదివారాల టోర్నమెంటు పడినా వీలైతే వెళ్తుంటాను. ఆడనప్పుడు నిర్వాహకులకు టేబుళ్లు సర్దడం, పేరింగ్స్ (ఎవరికి ఎవరు ఎదురో చెప్పే జాబితా) గోడకు అంటించడం లాంటి సాయం చేస్తుంటాను. నా రేటింగు గొప్పదేం కాదు. కానీ మీలా ఉద్యోగం చేసుకుంటూ, ఇంట్లో మాట పడుతూ ఆడేవాళ్లను చాలామందిని దగ్గరగా చూశాను. ఆ అనుభవంతోనే చెప్తున్నాను.

ముందు నవ్వులపాలు సంగతి. హాల్లో మిమ్మల్ని చూసేవాళ్లు ఎవరూ ఉండరు. తల్లిదండ్రులందరూ కిటికీ అవతల నిలబడి ఎవరి పిల్లల్ని వాళ్లు చూసుకుంటుంటారు. ఆర్బిటర్ (ఆట రెఫరీ) గడియారాలు చూసుకుంటాడు. మీరు ఓడారన్న సంగతి గుర్తుంచుకునేది ఇద్దరే, మీరూ, మిమ్మల్ని ఓడించిన పిల్లాడూ. వాడు కూడా ఐస్‌క్రీమ్ దొరికేదాకానే. రౌండు అయ్యాక "బాగా ఆడారు అంకుల్" అని చేయి కలిపి పరిగెడతాడు.

మొదటి రౌండులో ఓడే అవకాశమే ఎక్కువ. దానికి సిద్ధపడి వెళ్లండి. అది మీ ఆటకు తీర్పు కాదు, స్విస్ పద్ధతి అలా ఉంటుంది. ఆటగాళ్లందరినీ రేటింగు క్రమంలో పేర్చి, జాబితాను సగానికి కోసి, పై సగంలో మొదటివాడికి కింది సగంలో మొదటివాడిని జత కడతారు. 200 మంది వచ్చారనుకోండి. 1వ నంబరుకు 101, 2వ నంబరుకు 102, ఇలా పోతుంది. రేటింగు లేనివాళ్లు అడుగున ఉంటారు కాబట్టి మీరు ఏ 150వ నంబరో అవుతారు, మీకు 50వ నంబరువాడు తగులుతాడు. వాడు ఏళ్ల తరబడి కోచింగ్ తీసుకుంటున్న కుర్రాడై ఉంటాడు. అక్కడ ఓడితే రెండో రౌండులో ఓడినవాళ్లతోనే జత పడుతుంది. గెలిస్తే మళ్లీ గట్టివాడు వస్తాడు. మూడు, నాలుగు రౌండ్లు అయ్యేసరికి మీ స్థాయివాళ్ల మధ్యకు మీరే చేరుకుంటారు. 8 రౌండ్లలో మూడున్నర, నాలుగు పాయింట్లు వస్తే మొదటిసారికి చక్కటి ఫలితం. అంతకంటే తక్కువ వచ్చినా కంగారు పడాల్సిందేమీ లేదు.

మొదటి రౌండు గురించి ఇంకో మాట. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్‌షిప్ జరిగింది. మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి మొదటి రౌండులోనే ఓడిపోయింది. ఆ తర్వాత కోలుకుని 11 రౌండ్లలో 8.5 పాయింట్లు తెచ్చి మహిళల టైటిల్ గెలిచింది. 2019లో మాస్కోలో గెలిచిన దాని తర్వాత అది రెండోది. అప్పుడు ఆమె వయసు 37, ఇంచుమించు మీ వయసే. మనకూ ఆమెకూ పోలికేమీ లేదు, ఒప్పుకుంటాను. కానీ ఉదయం 10 గంటలకు ఓడి, 11 గంటలకు బ్యాగు సర్దుకుని బస్టాండుకు వెళ్లిపోయే పెద్దవాళ్లను మన హాళ్లలో చూస్తుంటాను. వాళ్లకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

ఇక వేగం సంగతికి వస్తాను.

లెక్క చూడండి. ఆట 40 ఎత్తులు సాగిందనుకుంటే మీకు 25 నిమిషాలు, దాని పైన 400 సెకన్లు. మొత్తం 31 నిమిషాల పైచిలుకు. అంటే ఎత్తుకు సగటున ముప్పావు నిమిషం మీ చేతిలో ఉంది. ఎదుటి పిల్లాడు ఎత్తుకు అయిదు సెకన్లు కూడా వాడడు. ఆట అయ్యేసరికి వాడి గడియారంలో 25 నిమిషాల కంటే ఎక్కువే మిగిలి ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ సమయాన్ని ఇంటికి పట్టుకెళ్లలేం. వాడి అలవాటు వాడిది, మీరు మాత్రం మీ వాటా వాడుకోండి.

కడపలో నేను ఆడిన ఒక ఆట చెప్తాను. ఎదురుగా పదకొండేళ్ల వాడు. కుర్చీలో కూర్చుంటే కాళ్లు నేలకు ఆనవు, ఊపుతూనే ఉంటాడు. నాది తెల్ల. నా రాజు కాస్లింగ్ (రాజును, రూక్‌ను ఒకే ఎత్తులో కదపడం) చేసి జీ1 గడిలో ఉన్నాడు, పక్కనే ఎఫ్1లో రూక్, ముందు ఎఫ్2, జీ2, హెచ్2 బంట్లు. వాడి క్వీన్ డీ6లో ఉంది. గుర్రాన్ని ఎఫ్6 నుంచి జీ4కు దూకించి ఠపీమని గడియారం కొట్టాడు. చూడగానే చేయి హెచ్2 బంటు మీదకు పోతుంది, హెచ్3 వేసి గుర్రాన్ని తరిమేద్దామని. వేస్తే హెచ్2లో క్వీన్ పెట్టి మేట్. గుర్రం ఆసరా ఉంది కాబట్టి క్వీన్‌ను రాజు చంపలేడు, పారిపోవడానికి గడి లేదు. పిల్లాడు ఎదురుచూస్తున్నది అదే. నా మొహం వైపు చూస్తున్నాడు, బోర్డు వైపు కాదు.

నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని నాలుగు నిమిషాలు తీసుకున్నాను. మేట్ ఆపడానికి జీ3 చాలు. కానీ ఆ తర్వాత ఏమవుతుందో కూడా చూడాలి కదా. ఈలోగా వాడు లేచి పక్క బోర్డు చూసొచ్చాడు, నీళ్లు తాగొచ్చాడు, కిటికీలోంచి వాళ్ల నాన్నకు చేయి ఊపాడు. నేను జీ3 వేశాను. వాడు కూర్చోకుండానే క్వీన్‌ను హెచ్6కు లాగాడు, మళ్లీ హెచ్2 మీద మేట్ బెదిరింపు. సీ1లో నా బిషప్ ఉంది. దానికీ హెచ్6కూ మధ్య దారి మొత్తం ఖాళీ. తీసుకున్నాను. గుర్రంతో నా బిషప్‌ను చంపాడు కానీ క్వీన్ పోయింది. అంతసేపూ వాడి ఆట నా ఆట కంటే మెరుగ్గానే ఉంది. ఒక్క నిమిషం కూర్చుని చూసి ఉంటే హెచ్6కు వెళ్లేవాడే కాదు.

పిల్లల్లో ఎక్కువమంది బలం, బలహీనత రెండూ ఇందులోనే ఉన్నాయి. దాడి, ఫోర్క్, పిన్, రెండెత్తుల మేట్, వీటిని వాళ్లు మనకంటే వేగంగా చూస్తారు. రోజూ వందల పజిల్స్ చేస్తారు మరి. బెదిరింపు లేని స్థితిలో, ఊరికే ఒక బంటును ముందుకు జరిపి ఎదురుచూడాల్సిన చోట మాత్రం వాళ్లకు ఓపిక ఉండదు. స్థితి సమానంగా ఉన్నప్పుడు క్వీన్లు మార్చేసుకునే అవకాశం వస్తే నేను వదలను. క్వీన్లు పోగానే చాలామంది పిల్లలకు ఆట చప్పగా అనిపిస్తుంది, తొందర ఇంకా పెరుగుతుంది.

అయితే ఈ సలహాకు ఒక హద్దు ఉంది. ఎదురుగా ఉన్నవాడికి 12 ఏళ్లే అయినా ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగు 1600, 1700 ఉంటే వాడు ఎండ్‌గేమ్ (పావులు కొన్నే మిగిలిన చివరి దశ) కూడా మీకంటే బాగా ఆడతాడు. అలాంటివాడితో క్వీన్లు మారిస్తే నెమ్మదిగా ఓడతారు, అంతే తేడా. పేరింగ్ చార్టులో పేరు పక్కన రేటింగు ఉంటుంది, చూసుకుని కూర్చోండి. వయసు చూసి మాత్రం అంచనా వేయకండి.

సమయం ఎక్కడ ఖర్చు పెట్టాలి? మొదటి పది ఎత్తులకు నాలుగు నిమిషాలు దాటనివ్వకండి, అవి మీకు తెలిసినవే. ఆ తర్వాత ప్రతి ఆటలో మూడు, నాలుగు చోట్లు వస్తాయి, ఒక్కో చోట మూడేసి నిమిషాలు కూర్చోవాలి. ఎదుటివాడు మీరు ఊహించని ఎత్తు వేసినప్పుడు. మీరు ఏదైనా చంపబోయే ముందు. రాజు ముందు బంటును కదపాలనిపించినప్పుడు. అన్నిటికంటే ముఖ్యంగా, "గెలిచేశాను" అని గుండె ఝల్లుమన్నప్పుడు. ఆ చివరి సందర్భంలో పోగొట్టుకున్న ఆటలు మన హాళ్లలో లెక్కలేనన్ని.

దీనికి ఎదురు జబ్బు కూడా ఉంది. గుంతకల్లు నుంచి వచ్చే ఒక రైల్వే ఉద్యోగి ఉన్నారు, నాకంటే మంచి ఆటగాడు. ప్రతి ఎత్తుకూ నిమిషంన్నర ఆలోచిస్తారు, మూడో ఎత్తుకు కూడా. ఇరవయ్యో ఎత్తుకు గడియారం ఖాళీ. అక్కడి నుంచి 10 సెకన్ల ఇంక్రిమెంట్ మీద బతకాలి, గెలిచే స్థితిలో చేయి వణుకుతుంది. అందుకే చివరి మూడు నిమిషాలను తాకకూడని డబ్బులా దాచుకోండి. గడియారం మూడుకు వచ్చిందంటే ఇక లోతైన ఆలోచన మానేసి, ఏదీ ఉచితంగా పోవడం లేదని చూసుకుని ఆడేయడమే.

ఆ 10 సెకన్లలో చేతికి రావాల్సినవి కొన్ని ఉన్నాయి. రెండు రూక్‌లతో మేట్, క్వీన్‌తో మేట్, ఒక రూక్‌తో మేట్, రాజు ఒక బంటుతో గెలిచే స్థితి ఏది, డ్రా అయ్యేది ఏది. ఓపెనింగ్ పుస్తకానికి పెట్టబోయిన సమయంలో సగం వీటికి పెట్టండి. రోజూ పడుకునే ముందు పది నిమిషాలు, గడియారం 10 సెకన్లకు పెట్టుకుని, బోర్డు మీద. క్వీన్‌తో మేట్ చేయబోయి స్టేల్‌మేట్ (చెక్ లేకుండానే ఎదుటివాడికి వేయడానికి ఎత్తు లేక డ్రా) చేసి అర పాయింటు పోగొట్టుకునేది పిల్లలే కాదు, పెద్దవాళ్లు కూడా.

ఆన్‌లైన్ నుంచి వచ్చేవాళ్లకు తగిలే దెబ్బలు వేరుగా ఉంటాయి. ఇవి ఎవరూ ముందుగా చెప్పరు, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

కంప్యూటర్‌లో బంటు ఎనిమిదో వరుసకు చేరితే దాన్ని క్వీన్‌గా మార్చే పని కంప్యూటరే చూసుకుంటుంది. బోర్డు మీద కాదు. బంటును ఎనిమిదో గడిలో పెట్టి, మార్చకుండా గడియారం నొక్కితే అది అక్రమ ఎత్తు. ఎదుటివాడికి 2 నిమిషాలు కలుస్తాయి. అక్రమ ఎత్తు రెండోసారి చేస్తే ఆట పోయినట్టే. పక్కన క్వీన్ దొరక్కపోతే గడియారం ఆపి ఆర్బిటర్‌ను పిలిచి అడగండి, అది మీ హక్కు. రూక్‌ను తలకిందులుగా పెట్టి "ఇది క్వీన్" అనకండి, నిబంధనల ప్రకారం అది రూకే.

కాస్లింగ్ చేసేటప్పుడు ముందు రాజును ముట్టుకోవాలి, తర్వాత రూక్‌ను, రెండూ ఒకే చేత్తో. ముందు రూక్‌ను ముట్టుకుంటే ఆ ఎత్తులో ఆ వైపు కాస్లింగ్ చేయనివ్వరు, రూక్‌నే కదపాల్సి వస్తుంది. రెండు చేతులతో చేసి గడియారం నొక్కినా అక్రమ ఎత్తు కిందే లెక్క. చంపేటప్పుడూ అంతే, ఒక చేత్తో తీసి ఇంకో చేత్తో పెట్టకూడదు. డోన్ నుంచి వచ్చిన ఒక టీచర్ గారికి మొదటి టోర్నమెంటులో సరిగ్గా ఇదే జరిగింది. పాపం ఆయన ఎత్తులో తప్పేమీ లేదు, చేతుల్లోనే ఉంది. ఏ చేత్తో కదిపారో ఆ చేత్తోనే గడియారం నొక్కాలన్నది కూడా గుర్తుంచుకోండి.

టచ్ మూవ్ కఠినంగా ఉంటుంది. ముట్టుకుంటే కదపాలి, ఎదుటివాడిది ముట్టుకుంటే చంపగలిగితే చంపాలి. గడిలో వంకరగా ఉన్నదాన్ని సర్దాలంటే ముట్టుకునే ముందే "అడ్జస్ట్" అనండి, మీ గడియారం నడుస్తున్నప్పుడే.

చెక్ ఉంటే కంప్యూటర్ వేరే ఎత్తు వేయనివ్వదు. ఇక్కడ వేయనిస్తుంది. ర్యాపిడ్‌లో ఒక్కో ఆర్బిటర్ ఎన్నో బోర్డులు చూస్తుంటాడు కాబట్టి ఎదుటివాడు చెక్‌లో రాజును వదిలేసి ఇంకేదో ఆడితే మీరే గమనించాలి. మీ తర్వాతి ఎత్తు వేయకముందే గడియారం ఆపి చేయెత్తాలి. మీరు ఆడేశాక ఆర్బిటర్ కూడా ఏమీ చేయలేడు. జెండా పడటం కూడా అంతే, ఎదుటివాడి సమయం అయిపోయిందని ఆర్బిటర్ చూడకపోతే చెప్పుకోవాల్సింది మీరే.

డ్రా అడగాలంటే ముందు ఎత్తు వేసి, డ్రా అని చెప్పి, అప్పుడు గడియారం నొక్కాలి. పిల్లలు ఈ పద్ధతి పాటించరు. ఓడిపోతున్న పిల్లాడు నిమిషానికోసారి "డ్రా అంకుల్? డ్రా అంకుల్?" అంటాడు. ఒకసారి వద్దని చెప్పండి, మళ్లీ మళ్లీ అడిగితే ఆర్బిటర్‌ను పిలవండి. కోపం తెచ్చుకోవద్దు. కొందరు ఏడుస్తారు. ఎదురుగా తొమ్మిదేళ్ల పిల్ల కళ్లు తుడుచుకుంటూ ఆడుతుంటే మనకు చేయి ఆడదు. అయినా జాలిపడి డ్రా ఇవ్వకండి. ఆ పిల్ల అది కోరుకోదు, మరుసటి రౌండుకు మామూలుగా ఉంటుంది. మీకు పోయిన అర పాయింటు మాత్రం పోయినట్టే.

ఫోన్ సంగతి చాలా ముఖ్యం. ఆటలో ఫోన్ మీ ఒంటి మీద ఉండకూడదు. మోగితే ఆట పోతుంది, వాదన ఉండదు. సైలెంట్‌లో పెడితే చాలనుకోకండి, సైలెంట్‌లో ఉన్నా అలారం మోగుతుంది. అనంతపురంలో ఒకాయన రూక్ ఎక్కువగా ఉండి ఆట పోగొట్టుకున్నది రోజూ మధ్యాహ్నం బీపీ మాత్ర కోసం పెట్టుకున్న అలారం వల్ల. పూర్తిగా ఆఫ్ చేసి, నిర్వాహకులు తీసుకుంటే వాళ్లకివ్వండి, లేదంటే బయట ఉన్నవాళ్లకివ్వండి. ఆఫీసులో ముందే చెప్పి పెట్టండి, శనివారం ఫోన్ ఎత్తనని.

ఇంకొకటి. పిల్లల ఆటలు పది, పదిహేను నిమిషాల్లో అయిపోతాయి. మీరు సమయం వాడుకుంటే మీ ఆట చివరి నాలుగైదు ఆటల్లో ఒకటవుతుంది. అప్పుడు అయిపోయిన పిల్లలంతా వచ్చి మీ బోర్డు చుట్టూ మూగుతారు. ఒకడు మీ భుజం మీంచి వంగి చూస్తాడు. మీరు ఎత్తు వేయగానే ఒకడు కళ్లు పెద్దవి చేసి పక్కవాడిని గిల్లుతాడు. నేనేం చూడలేదో అని మీకు గుబులు. వాళ్ల మొహాలు చూడకండి, వాళ్లు అన్నిటికీ కళ్లు పెద్దవి చేస్తారు. ఇబ్బందిగా ఉంటే ఆర్బిటర్‌కు చెప్తే దూరంగా పంపిస్తాడు. తర్వాతి రౌండు మీ వల్ల ఆలస్యమవుతోందని తొందరపడాల్సిన పని లేదు. గడియారంలో ఉన్న సమయం మీదే.

బోర్డు అభ్యాసం ఎందుకని అడుగుతారేమో. తెరమీద పైనుంచి చూడటానికి అలవాటుపడిన కన్ను, బోర్డు మీద పక్కనుంచి చూసినప్పుడు పొడవాటి ఏటవాలు దారుల్ని పట్టుకోలేదు. మూలనున్న బిషప్ కనబడదు, వెనక్కి వచ్చే గుర్రం కనబడదు. ఇది నాలుగైదు సాయంత్రాల్లో సర్దుకుంటుంది. ఆన్‌లైన్‌లో ఆడుతూ పక్కన బోర్డు పెట్టుకుని, ప్రతి ఎత్తూ ముందు బోర్డు మీద వేసి ఆలోచించండి. ఆదోనిలో ఆడేవాళ్లు ఎవరైనా దొరికితే ఇంకా మంచిది.

ఇప్పుడు తిండి, నిద్ర. నవ్వుకోకండి, 8 రౌండ్లంటే చిన్న విషయం కాదు. శనివారం అయిదు రౌండ్లు పెడితే ఆటకు గంట చొప్పున, మధ్యలో ఎదురుచూపులతో సాయంత్రం ఆరేడు అవుతుంది. ఆదోని నుంచి ఎమ్మిగనూరు మీదుగా కర్నూలుకు వంద కిలోమీటర్లు. తెల్లవారుజామున లేచి మొదటి బస్సు పట్టుకుని వద్దామనుకుంటున్నారేమో, వద్దు. శుక్రవారం రాత్రికే వచ్చి పడుకోండి. ఉదయం బస్సులో కునుకుతూ వచ్చినవాళ్లు నాలుగో రౌండులో బోర్డు ముందు కునుకుతారు.

కర్నూలు వచ్చి ఉగ్గాని తినకుండా ఉండమని నేను చెప్పను. తినండి, బజ్జీలు మాత్రం ఆదివారం బహుమతుల తర్వాతకు ఉంచుకోండి. మధ్యాహ్నం బిర్యానీ తిన్నవాళ్లకు మూడు గంటల రౌండులో గుర్రం ఎటు దూకుతుందో కూడా గుర్తుండదు. పెరుగన్నం, అరటిపండు చాలు. హాలు సాధారణంగా ఏ స్కూలో, కల్యాణమంటపమో అయి ఉంటుంది, ఎండాకాలమైతే కూలర్ల హోరు వేరు. నీళ్ల సీసా మీదే తెచ్చుకోండి.

అలసట ఎంత పని చేస్తుందో చెప్పడానికి పెద్ద ఉదాహరణే ఉంది. 2024 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో గుకేశ్, అప్పటి చాంపియన్ డింగ్ లిరెన్ సింగపూర్‌లో 13 ఆటలు ఆడి సమానంగా ఉన్నారు. 14వ ఆటలో డ్రా తప్పదనుకున్న ఎండ్‌గేమ్‌లో, 55వ ఎత్తుకు డింగ్ తన రూక్‌ను ఎఫ్2లో పెట్టాడు. రూక్‌లు, బిషప్‌లు మారిపోయి బంట్ల ఆట మిగిలింది, అది గుకేశ్ గెలిచే ఆట. గంటల తరబడి కూర్చున్నాక ప్రపంచ చాంపియన్ చేతికే అది జరిగింది.

ఓడిన తర్వాతి అరగంట గురించి ఎవరూ రాయరు, కానీ రెండు రోజుల టోర్నమెంటులో పాయింట్లు ఎక్కువగా పోయేది అక్కడే. ఓడగానే ఫోన్ ఆన్ చేసి ఇంజిన్‌లో (ఎత్తులు లెక్కగట్టే చెస్ సాఫ్ట్‌వేర్) చూసుకోకండి. మీరు వదిలేసిన గెలుపు అది చూపిస్తుంది, ఆ కసితో తర్వాతి ఆట మొదలుపెడతారు, పది ఎత్తుల్లో దాడికి దిగుతారు. హాలు బయటికి వెళ్లి కాస్త నడవండి, టీ తాగండి. కావాలంటే ఆ పిల్లాడితోనే "ఎక్కడ పోయింది నాది?" అని అడగండి. చాలామంది పిల్లలు చక్కగా, ఏ గర్వమూ లేకుండా బోర్డు మీద వేసి చూపిస్తారు. నేను ఎండ్‌గేమ్‌లో నేర్చుకున్నవి కొన్ని అలా నేర్చుకున్నవే. ర్యాపిడ్‌లో ఎత్తులు రాయనక్కర్లేదు కాబట్టి, రాత్రి పడుకునే ముందు ఒక్కో ఆటలో మొదటి పదిహేను ఎత్తులు, ఆట మలుపు తిరిగిన చోటు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఇంజిన్ సోమవారం చూడొచ్చు.

బహుమతుల మీద ఆశ పెట్టుకోకండి. ప్రాస్పెక్టస్‌లో (టోర్నమెంటు వివరాల పత్రంలో) అండర్ 7, 9, 11, 13 కేటగిరీలుంటాయి, 60 దాటినవాళ్లకు వెటరన్ ఉంటుంది, మహిళలకు ఉంటుంది. 38 ఏళ్లవాడు అటు ఇటు కాకుండా మధ్యలో మిగిలిపోతాడు. అన్‌రేటెడ్‌లో ఉత్తమ ఆటగాడికో, జిల్లా ఆటగాడికో ఏదైనా పెట్టి ఉంటే చూసుకోండి.

మనవైపు చాలా టోర్నమెంట్లకు బోర్డు, పావులు, గడియారం ఆటగాళ్లే తెచ్చుకోవాలి. ఇది ప్రాస్పెక్టస్ చివర్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. గడియారం కోసం ఇప్పుడే డబ్బు పెట్టకండి. ఇద్దరిలో ఒకరి దగ్గర ఉంటే సరిపోతుంది, పిల్లల దగ్గర దాదాపుగా ఉంటుంది. బోర్డు మాత్రం చుట్టి పట్టుకెళ్లే వినైల్‌ది తెచ్చుకోండి, అభ్యాసానికీ పనికొస్తుంది.

రేటింగు గురించి మీరు అడగలేదు కానీ రేపు అడుగుతారు. టోర్నమెంటు ఫిడే రేటెడ్ అయితేనే రేటింగు ప్రసక్తి. మొదటి రేటింగు రావాలంటే రేటింగు ఉన్నవాళ్లతో కనీసం 5 ఆటలు ఆడి ఉండాలి, ఒకే టోర్నమెంటులో కాకపోయినా 26 నెలల లోపు కూడితే చాలు. మొదటి టోర్నమెంటులో సున్నా వస్తే దాన్ని లెక్కలోకి తీసుకోరు. 2024 మార్చి నుంచి కనీస రేటింగు 1400, మీ ప్రదర్శన అంతకంటే తక్కువైతే జాబితాలోకి ఎక్కరు. ర్యాపిడ్ రేటింగు వేరు, క్లాసికల్ రేటింగు వేరు. ఆన్‌లైన్ 1500ను వీటితో పోల్చుకుని లెక్కలు వేయకండి, రెండింటికీ సంబంధం లేదు.

రేటెడ్ అయితే అఖిల భారత చెస్ సమాఖ్య వెబ్‌సైటులో ఆటగాడిగా నమోదై ఉండాలి, ఫిడే ఐడీ కూడా కావాలి. పుట్టిన తేదీ రుజువు, ఫోటో దగ్గర పెట్టుకోండి, ఆఖరి రోజుదాకా ఆగకుండా ఈ వారమే చేసేయండి. ప్రాస్పెక్టస్‌లో "ఫిడే రేటెడ్" అని ఉందో లేదో, ఎంత ఆలస్యంగా వస్తే ఆట పోతుందో, ఆదివారం చివరి రౌండు ఎన్ని గంటలకో చూసి ఇక్కడ పెట్టండి. ఆదోని చివరి బస్సు దాన్నిబట్టి చూసుకోవాలి.